విండోస్ ఆన్ కాకపోతే ఫార్మాట్ కొట్టించాల్సిందేనా?

కరెంటు పోయొచ్చాక సిస్టమ్‌లో లోగో కింద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి, ఒంగోలు షాపులో ఫార్మాట్ తప్పదన్నారు అని రాశారు కదా, అప్పుడే ఒప్పుకోకండి, ఫార్మాట్ కొడితే అన్నీ చెరిగిపోతాయి, పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయంటున్నారు. లోగో కనపడగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి, ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ 10 అయినా 11 అయినా దానంతటదే రిపేర్ స్క్రీన్‌కి వెళ్తుంది.

ఆ స్క్రీన్‌లో ట్రబుల్‌షూట్ నొక్కి, ముందు స్టార్టప్ రిపేర్ చేయండి. కుదరకపోతే సిస్టమ్ రీస్టోర్, అంటే విండోస్‌ని పాత తేదీ నాటి స్థితికి తీసుకెళ్లడం, అది ఫొటోల జోలికి రాదు, కాకపోతే రీస్టోర్ పాయింట్ (ఆ పాత స్థితిని విండోస్ దాచుకున్న కాపీ) ముందే ఉండాలి. ఆఖరున రీసెట్, అంటే విండోస్‌ని మళ్లీ కొత్తగా వేయడం, అందులో కీప్ మై ఫైల్స్ మాత్రమే నొక్కండి. ఫైళ్లు ఉంటాయి, ట్యాలీ లాంటి ప్రోగ్రామ్‌లు మళ్లీ వేసుకోవాలి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగితే టెన్షన్ పడకండి, చాలాసార్లు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది. అసలు ఆ రిపేర్ స్క్రీనే రాకపోతే వేరే కంప్యూటర్‌లో 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌కి మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్‌తో మీ సిస్టమ్ బూట్ చేసి (అంటే ఆన్ చేసి) రిపేర్ ఎంచుకోండి, ఇన్‌స్టాల్ కాదు.