పొజిషన్ పేపర్‌లో వాదన నిలబడటం లేదన్న ప్రశ్నకు సమాధానం

తెలుగు మాధ్యమంపై మీరు రాసిన పొజిషన్ పేపర్‌లో (ఒక అంశంపై మన వైఖరిని ఆధారాలతో సమర్థించే వ్యాసం) వాదన ఎందుకు నిలబడటం లేదని అడిగారు. లోపం మీ మొదటి వాక్యంలోనే ఉంది. "తెలుగు మాధ్యమం మంచిది" అన్నది అభిప్రాయం మాత్రమే.

1. ఇలా మార్చండి: "ప్రభుత్వ బడుల్లో 5వ తరగతి దాకా బోధన తెలుగులో సాగాలి, ఇంగ్లిష్ 1వ తరగతి నుంచే సబ్జెక్టుగా ఉండాలి."

2. మీరు ఆధారంగా చూపిన రాజ్యాంగంలోని 350ఎ అధికరణం తీసేయండి. అది భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లల గురించి. విద్యాహక్కు చట్టం, 2009లోని సెక్షన్ 29(2)(ఎఫ్) మీకు సరిగ్గా సరిపోతుంది.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఆ సెక్షన్ మాతృభాషలో బోధనను "ఆచరణ సాధ్యమైనంత వరకు" అనే అంటుంది. ఆ మాట దాచకండి, అవతలివాళ్లు పట్టుకునేది దాన్నే. తెలుగులో పాఠ్యపుస్తకాలు, బోధించగల టీచర్లు ఉన్నారని వెంటనే చూపించండి. ఆధారానికీ మీ వాదనకూ ముడి పడేది అక్కడే.

4. "ఇంగ్లిష్ లేకపోతే ఉద్యోగాలెలా?" అన్నది వాళ్ల బలమైన ప్రశ్న. దాన్ని మీరే రాసి, ఒకటో పాయింట్‌లోని రెండో సగంతో జవాబివ్వండి.