కొత్త మందు వచ్చేదాకా ఆగొద్దమ్మా

డాక్టర్ సలహా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా తమ్ముడికి 29 ఏళ్లు. రెండేళ్ల కిందట బైకు మీంచి పడి నడుముకు దెబ్బ తగిలితే ట్రమడాల్ రాశారు. నొప్పి చాలావరకు తగ్గినా మాత్ర ఆగలేదు. ఇప్పుడు 50 మిల్లీగ్రాములవి రోజుకు పన్నెండు దాకా వేస్తున్నాడు. ఒక పూట లేకపోతే ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు, విరేచనాలు. ఈ అలవాటు మీద అమెరికా ప్రభుత్వం పరిశోధనకు వేల కోట్లు పెడుతోందని చదివాం. కొత్త మందు వచ్చేలోపు గదిలో పెట్టి మాన్పిద్దామని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: గదిలో పెట్టొద్దని ముందు నాన్నగారికి చెప్పండమ్మా. ట్రమడాల్ నల్లమందు జాతి నొప్పి మాత్ర, రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ తమ్ముడు 600 దగ్గరున్నాడు. ఈ మోతాదులో ఫిట్స్ రావచ్చు, ఒక్కసారిగా ఆపేసినా రావచ్చు. ఇళ్లల్లో ఎవరూ ఊహించని ప్రమాదం ఇంకొకటుంది. పది రోజులు బలవంతంగా మాన్పిస్తే ఒంటికి పాత అలవాటు తప్పిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడో పాత లెక్కనే మాత్రలు మింగితే, పైగా మద్యం కూడా కలిస్తే, ఊపిరి ఆగిపోవచ్చు.

ఇక అమెరికా డబ్బు సంగతి. మీరు చదివింది నిజమే. అక్కడి జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2018లో ‘హీల్’ అనే కార్యక్రమం మొదలుపెట్టి, 2019లో 94.5 కోట్ల డాలర్లు పంచింది. అందులో ఒక పెద్ద అధ్యయనం నాలుగు రాష్ట్రాల్లో, 67 చోట్ల జరిగింది. ఉన్న చికిత్సలనే జనం దాకా చేర్చి, ఈ జాతి మత్తు మోతాదు మించి చనిపోయేవాళ్లను 40 శాతం తగ్గించాలని లక్ష్యం. 2024లో ఫలితం వస్తే, చెప్పుకోదగ్గ తేడా లేదు! కోవిడ్ అడ్డుపడింది, వీధుల్లోకి ఫెంటనిల్ అనే ఇంకా బలమైన మత్తుమందు వచ్చిపడింది. లెక్క తీయడం మొదలయ్యేనాటికి అనుకున్న పనుల్లో సగం కూడా మొదలు కాలేదు. మందు లేక కాదు, అది మనిషి దాకా చేరక.

ఆ మందు బ్యూప్రనార్ఫిన్. ఈ వ్యసనానికి పనికొస్తుందని అమెరికా ప్రభుత్వ పరిశోధకులే 1978లో రాశారు, 2002లో అక్కడ అనుమతి వచ్చింది. మన దేశంలోనూ దొరుకుతోంది. అంటే ఆ పరిశోధనలో మీకు రావలసిన వాటా ఎప్పుడో వచ్చేసింది. నాలుక కింద పెట్టుకునే మాత్ర. ట్రమడాల్ పనిచేసే చోటే పనిచేస్తుంది గానీ, ఒక స్థాయి దాటాక ఎన్ని వేసినా మత్తు పెరగదు. ‘ఒక మత్తు మాన్పించి ఇంకోటి అంటగడుతున్నారు’ అని చుట్టాలు అంటారు, అననివ్వండి. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వాడాలి. మొదటి మోతాదు డాక్టరు చూస్తుండగానే వేయాలి. ఒంట్లో ట్రమడాల్ ఉండగా తొందరపడి వేస్తే బాధ ఒక్కసారిగా ఎక్కువవుతుంది.

సిగ్గుపడకండి. మన కేంద్రం ఎయిమ్స్‌తో చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో, నల్లమందు జాతి మత్తుకు సాయం అవసరమైనవాళ్లు దేశంలో 77 లక్షల మందని తేలింది.

బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి తీసుకెళ్లండి. వెళ్లేలోపు మాత్రలు మీ చేతిలో పెట్టుకుని మీరే లెక్కగా ఇవ్వండి, పెంచొద్దు, ఆపొద్దు. పర్లాకిమిడి షాపుల్లో ఇవ్వకపోతే సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం ఎంత దూరం, కుర్రాళ్లకు తెలియనిది కాదు. అందుకే డబ్బు మీద కూడా ఒక కన్నేయండి. కేంద్ర హెల్ప్‌లైన్ 14446. వాడిన స్ట్రిప్పులు, పాత చీటీలు పట్టుకెళ్లండి. నడుము నొప్పి ఇంకా ఎంత ఉందో కూడా అడిగి రాసుకుని వెళ్లండి. దానికి వేరే దారి చూపకపోతే వాడు మళ్లీ ఆ షాపుకే వెళ్తాడు.