గోడలోకి వెళ్ళే కేబులు

చిరంజీవి అమ్మడికి,
పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ కాలేజీ ల్యాబులోని నలభై కంప్యూటర్లకూ నెట్‌వర్కు మీదుగానే డెబియన్ లినక్స్ ఎక్కించడానికి నువ్వు బూట్ సర్వరు కడుతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా నిండని పిల్లవు, పెన్‌డ్రైవు పట్టుకుని ఒక్కొక్క కంప్యూటరు ముందూ కూర్చోకుండా ఇంత పని నెత్తిన వేసుకున్నావంటే నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే, సర్వరును ఏ నెట్‌వర్కు స్విచ్చికి తగిలించిందిరా అని అడిగితే వాడికి తెలియలేదు. ఆ ఒక్క సంగతి తెలియకపోవడంతో తెల్లవారుజాము దాకా నాకు కంటిమీద కునుకు లేదు, అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. కంప్యూటరు లేవగానే తనకొక ఐపీ అడ్రసు కావాలని నెట్‌వర్కంతా వినబడేలా అడుగుతుంది. అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వరు అడ్రసుతో పాటు బూట్ ఫైలు పేరు, అది దొరికే చోటు చెబుతుంది. ఆ ఫైలు, టీఎఫ్‌టీపీ అనే ఫైళ్ళు పంపే పద్ధతి మీద 69వ పోర్టును అడిగితే దిగుతుంది. అక్కడి నుంచి కెర్నెల్, ఇన్‌స్టాలరు వస్తాయి. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాము ఒక్కటే ఈ రెండు కొలువులూ చేస్తుంది. డెబియన్ వాళ్ళ నెట్‌బూట్ టార్ ఫైలును టీఎఫ్‌టీపీ ఫోల్డరులో విప్పుకో, ఫైళ్ళు అందరూ చదవగలిగేలా పర్మిషన్లు చూసుకో. మీ ల్యాబులో మొదట లేపే ప్రోగ్రాము పాత బయోస్ అయిన కంప్యూటర్లూ, కొత్త యూఈఎఫ్ఐ అయినవీ కలిసి ఉంటే రెండింటికీ ఒకే బూట్ ఫైలు పనికిరాదు. అడిగేటప్పుడే కంప్యూటరు తన జాతి ఏదో 93వ ఆప్షనులో చెప్పుకుంటుంది కాబట్టి, 0 అన్నదానికి పీఎక్స్ఈలినక్స్ అనే బూట్ ప్రోగ్రాము ఫైలు, 7 అన్నదానికి ఈఎఫ్ఐ ఫైలు ఇచ్చేలా రాయి.

ఇక నేను చేసిన పని విను. 2007లో నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టం అడ్మినిస్ట్రేటరును. అరవై కంప్యూటర్ల ల్యాబుకు నీలాగే బూట్ సర్వరు కట్టి, ఎవరూ దగ్గర కూర్చోనక్కరలేకుండా ఇన్‌స్టాలరు అడిగేవాటికి ముందే జవాబులిచ్చే కిక్‌స్టార్ట్ ఫైలు రాసి, అందులో డిస్కు మీద ఉన్న పార్టిషన్లన్నీ తుడిచివేయమనే వరుస పెట్టి, రాత్రి పదకొండు దాకా పదిహేను కంప్యూటర్లు పూర్తిచేశాను. ఇన్‌స్టాలరుకు కావలసిన ప్యాకేజీ ఒకటి బయటి నుంచి తెచ్చుకోవలసి వచ్చి, ల్యాబు స్విచ్చి నుంచి గోడలోని సాకెట్టుకు ఒక కేబులు తగిలించాను. పని అయిపోయింది. కేబులు తీయడం మరిచి ఇంటికి వెళ్ళి పడుకున్నాను.

ఆ సాకెట్టు అవతల ఉన్నది పరీక్షల విభాగం. అక్కడి నాలుగు కంప్యూటర్లకు అంతకు ఆరు నెలల ముందు సిస్టం ఎక్కించినప్పుడు, బయోస్‌లో బూట్ వరుసలో నెట్‌వర్కును మొదట పెట్టినవాడినీ నేనే, తిరిగి మార్చనివాడినీ నేనే. కాలేజీ రౌటరు కూడా అడ్రసులు ఇస్తూనే ఉంది, కానీ నెట్‌వర్కు మీద బూట్ అవ్వాలని చూసే కంప్యూటరుకు కావలసింది బూట్ ఫైలు పేరు, అది ఇచ్చింది నా సర్వరు ఒక్కటే. ఉదయం తొమ్మిదింటికి అక్కడి గుమాస్తాగారు వచ్చి వరసగా నాలుగూ ఆన్ చేశారు. నీలం తెర మీద గీత మెల్లగా కుడివైపుకు నిండుతూ ఉంటే ఏదో అప్‌డేట్ అవుతోందనుకుని టీకి వెళ్ళారట. ఆయన తిరిగి వచ్చేసరికి మూడు బ్యాచ్‌ల ఇంటర్నల్ మార్కులు లేవు. బ్యాకప్ లేదు, అదీ నా బాధ్యతే.

పదవీ విరమణకు ఏడాది ఉన్న మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు. జవాబు పత్రాల కట్టలు దింపించి, పదకొండు సాయంత్రాలు నేను చదువుతుంటే ఆయన రెండు వేళ్ళతో టైపు చేశారు. చేతిరాత తెలియని చోట నేను తడుముకుంటే, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితం లైటు కిందికి జరుపుకుని, “ఇది సున్నానా, ఆరా, నిదానంగా చూడు నాయనా” అనేవారు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అందుచేత అమ్మడూ, డీఎన్‌ఎస్‌మాస్క్ మొదలుపెట్టే ముందు ల్యాబు స్విచ్చి దగ్గరికి స్వయంగా వెళ్ళి, ప్రతి కేబులునూ చేత్తో పట్టుకుని రెండో కొస దాకా నడిచి చూడు. ఇంటర్నెట్ తప్పనిసరైతే సర్వరుకు రెండో నెట్‌వర్కు కార్డు పెట్టి, డీఎన్‌ఎస్‌మాస్క్ ఫైలులో ఇంటర్‌ఫేస్ వరుసలో ల్యాబు వైపు కార్డు పేరు మాత్రమే రాయి. నలభై మ్యాక్ అడ్రసులూ, అంటే నెట్‌వర్కు కార్డులకు పుట్టుకతో వచ్చే నంబర్లు, ఒక పుస్తకంలో రాసుకుని, ఒక్కొక్కదానికీ డీహెచ్‌సీపీ-హోస్ట్ వరుస పెట్టి, తెలియని కంప్యూటరు అడిగితే పలకవద్దని డీహెచ్‌సీపీ-ఇగ్నోర్ వరుసలో చెప్పు. మెనూలో డిఫాల్టుగా ఉండవలసింది ఇన్‌స్టాలరు కాదు, లోకల్ డిస్కు. పీఎక్స్ఈలినక్స్ డిఫాల్టు ఫైలు కన్నా ముందు 01 అంకెతో మొదలై మ్యాక్ అడ్రసు పేరుతో ఉన్న ఫైలును వెతుకుతుంది, అది లేకపోతేనే చివరకు డిఫాల్టుకు వస్తుంది. కాబట్టి ఇన్‌స్టాల్ చేయవలసిన కంప్యూటరుకు మాత్రమే దాని పేరిట ఫైలు పెట్టి, పని కాగానే తీసెయ్యి. తీయకపోతే రీబూట్ అయిన ప్రతిసారీ అది మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకుంటూనే ఉంటుంది. యూఈఎఫ్ఐవి గ్రబ్ అనే మరో బూట్ ప్రోగ్రాము మెనూ చదువుతాయి, అక్కడ కూడా ఇదే జాగ్రత్త.

నలభై ఒకేసారి లేపవద్దు. టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందని జవాబు వచ్చాకే మరో ముక్క పంపుతుంది; పదేసి చొప్పున చెయ్యి. తెర మీద పీఎక్స్ఈ-ఈ51, అంటే అడ్రసు ఇచ్చేవారెవరూ పలకలేదన్న తప్పు, కనిపిస్తే సర్వరును తిట్టుకోకు, కేబుళ్ళు చుట్టు తిరిగి కలవకుండా చూసే స్పానింగ్ ట్రీ ఉన్న స్విచ్చి కొత్తగా వెలిగిన పోర్టును ముప్పై సెకన్లు ఆపి ఉంచడం వల్ల కూడా అది వస్తుంది; ల్యాబు పోర్టులకు ఆ ఆలస్యం తీసేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టమని అడుగు. ఈ53 అంటే బూట్ ఫైలు పేరు అందలేదని, ఈ32 అంటే టీఎఫ్‌టీపీ పలకలేదని, సాధారణంగా ఫైర్‌వాలే.

మొదటిసారి రాత్రిపూట చేయకు. అలసిన కళ్ళకు కేబుళ్ళన్నీ ఒకేలా కనబడతాయి, నాకు కనబడ్డాయి. భోజనం చేసి, పగలు, ఒక్క కంప్యూటరుతో మొదలుపెట్టు. అది లేచినప్పుడు నాకు ఫోను చెయ్యి, నీ గొంతులో సంతోషం వినాలని ఉంది. లేవకపోయినా చెయ్యి. కానీ చేసే ముందు, గోడలోకి వెళ్ళే కేబులు ఏదైనా ఉంటే పీకి, దాని కొస చేతిలో పట్టుకుని అప్పుడు చెయ్యి.

ఇట్లు
మీ పెదనాన్న