చూసేశానన్నాయన్నే చూపించమనండి

ప్రశ్న: అమ్మా, మావారు మొన్న జూన్‌లో ఇరిగేషన్‌లో రిటైరయ్యారు. పిల్లలిద్దరూ బెంగళూరులో ఉన్నారు. ఇంట్లో మేమిద్దరమే. పొద్దున్నే బయల్దేరి చీకటి పడేలోగా ఇంటికి వచ్చేసేలా చుట్టుపక్కల చిన్న చిన్న ఊళ్లు చూడాలని నా కోరిక. ఆయనేమో "ఈ జిల్లాలో నేను చూడని ఊరుందా? ఏముందక్కడ, ఓ కాలవ, ఓ గుడి" అని పేపరు అడ్డం పెట్టుకుంటారు. మాకు కారు లేదు, స్కూటరుంది. నాకు మోకాళ్ల నొప్పులు. ఎలా మొదలుపెట్టాలి?
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నేనూ మీ ఊరిదాన్నేనమ్మా. మా ఇంట్లోనూ ఇదే పాట. కాకపోతే మావారిది కరెంటు ఆఫీసు. కాలవలకి బదులు స్తంభాలు.

మీవారు చూడలేదని ఎవరన్నారు? చూశారు. జీపులో వెళ్లి, సంతకాలు పెట్టి, టీ తాగి వచ్చేశారు. చూడనిది మీరు. కాబట్టి "అక్కడేముందో చూద్దాం రండి" అనకండి. "ముప్ఫై ఏళ్లు ఏం చేశారో నాకు చూపించరా?" అనండి. ఈ మాటకి పేపరు కిందికి దిగుతుంది.

మొదటిసారి ధవళేశ్వరం దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వైపు వెళ్లండి. బ్యారేజీ మీద కాసేపు ఆపమనండి. ఈ బ్యారేజీకి ముందున్న పాత ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయిందని, కాటన్ దొర మ్యూజియం ఇక్కడే ఉందని ఆయనే చెబుతారు, మీరు తెలియనట్టు వినండి. తర్వాత లొల్ల లాకులు, అంటే కాలవకి కట్టిన నీటి తలుపులు. సినిమాల్లో చూసే ఉంటారు. రోడ్లు లేని రోజుల్లో పడవ వచ్చాక తలుపులు మూసి, నీళ్లు నింపి, కింది మట్టం నుంచి పై మట్టానికి ఎలా ఎక్కించేవారో ఆయన్నడగండి. అక్కడ గంట గడిచిపోయినా తొందరపెట్టొద్దు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, వేసవిలో కాలవలు కట్టేశాక వెళ్తే బురద తప్ప ఏమీ ఉండదు. ఇది మీవారికి నాకంటే బాగా తెలుసు.

అక్కడి నుంచి ర్యాలి దగ్గరే. జగన్మోహినీ కేశవస్వామి గుడికి మధ్యాహ్నం తలుపులు మూయకముందే చేరండి. విగ్రహం ఒకటే నల్లరాయి. ముందు నుంచి చూస్తే కేశవుడు, వెనక్కి వెళ్తే మోహిని. ముందు దణ్ణం పెట్టుకుని గబగబా వచ్చేయకండి, అసలు చూడాల్సింది వెనక వైపే. కొప్పు, జడ, కాలి మీద పుట్టుమచ్చ దాకా చెక్కారు. ఆ మచ్చ నాకు మొదటిసారి కనపడనే లేదు. అర్చకులు దీపం దగ్గరగా పెట్టి చూపిస్తే, ఎప్పుడూ గుళ్లో నోరు విప్పని మావారు "అబ్బ" అన్నారు. మోహిని జడలోంచి పువ్వు రాలిన చోటు కాబట్టి ర్యాలి అయిందని కథ. మీ మోకాళ్లకీ ఇబ్బంది లేదు, ఎక్కాల్సిన కొండ లేదు. (కోరుకొండ మాత్రం ఇప్పుడే తలపెట్టకండి. ఆ మెట్లెక్కి వచ్చి నేను రెండు రోజులు మంచం దిగలేదు.)

రెండోసారికి బిక్కవోలు. దీనికి స్కూటరు కూడా వద్దు. ప్యాసింజరెక్కితే కడియం, ద్వారపూడి, అనపర్తి దాటాక వచ్చేస్తుంది. తొమ్మిదో శతాబ్దం నాటి తూర్పు చాళుక్యుల గుడులున్నాయి. కొన్ని ఊళ్లో, కొన్ని చేలల్లో. అందులో ఒకదాని పేరు నక్కలగుడి! ఆ వంశపు రాజు గుణగ విజయాదిత్యుడికి బిరుదాంకుడని పేరుండేదట, ఊరి పేరు దాంట్లోంచే వచ్చిందంటారు. ఇక్కడి వినాయకుడి చెవిలో కోరిక చెప్పుకుంటారు. నేను నా కోరిక చెప్పుకుని వెనక్కి తిరిగేసరికి మనిషి లేరు. చూస్తే గట్టు మీద ఓ రైతుతో మోటారు కనెక్షన్ గురించి మాట్లాడుతున్నారు. వోల్టేజీ, లోడు, స్టార్టరు... నేను కొబ్బరి చిప్ప పట్టుకుని నక్కలగుడి నీడలో కూర్చున్నాను. ఆ రైతు మా ఇద్దరికీ మజ్జిగ తెప్పించాడు. ఇంటికొచ్చాక ఈయన "వచ్చేవారం ఎటు?" అన్నారు.

మేం చేసిన తప్పు మీరు చేయకండి. మొదటిసారి కారు అద్దెకు తీసుకుని ద్రాక్షారామం, సామర్లకోట, పిఠాపురం, అన్నవరం ఒక్క రోజులో అనుకున్నాం. సామర్లకోట చేరేసరికి తలుపులు వేసేశారు. ఎవరు ఆలస్యం చేశారన్న దాని మీద గొడవపడి, ఇంటి దాకా మాటల్లేవు. అప్పట్నుంచీ ఒక రోజుకి ఒక దారి, రెండు ఊళ్లకి మించి లేదు. మధ్యాహ్నం భోజనం కారియర్లో పులిహోర, పెరుగన్నం. కార్తీక మాసంలో మాత్రం ఈ ఊళ్ల జోలికి పోం, నిలబడడానికి చోటుండదు.

ప్రశ్న: ఆత్రేయపురం వెళ్తే పూతరేకులు ఎక్కడ కొనాలి? ఎన్ని కొనాలి?
– మరో పాఠకురాలు, తణుకు

జవాబు: కొనే ముందు చేయడం చూడండి. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీదుగా ఒక్క లాగు లాగుతారు. ఆ ఆడవాళ్ల చేయి ఎప్పుడు వెళ్లిందో ఎప్పుడు వచ్చిందో తెలీదు, కుండ మీద కాగితం లాంటి రేకు ఉంటుంది. నేను ప్రయత్నిస్తే పిండి కుండకి అంటుకుంది, రేకు రాలేదు, అందరూ నవ్వారు. 2023లో వీటికి జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే) గుర్తింపు కూడా వచ్చింది. ఇక ఎన్నంటారా, బెల్లంవి ఎక్కువ రోజులు ఉంచకండి, పంచదారవి కాస్త ఆగుతాయి. మా ఇంట్లో డజను తెస్తే బొబ్బర్లంక దాటేసరికి తొమ్మిదే ఉంటాయి.