సంఘంలో ‘లిబరల్ బోధ’ గొడవ వస్తే బయటికి వచ్చేయాలా? బెంగళూరు నుంచి నా జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. బెంగళూరులో మీరు వెళ్లే సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) తెలుగు సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు గారు, బైబిల్లో యోనా ప్రవక్త చేప కడుపులో ఉన్న సంగతి చరిత్రే కానక్కర్లేదని ప్రసంగంలో అన్నారు. అప్పటి నుంచి కొందరు ఆయన్ను లిబరల్ (బైబిలును అక్షరాలా తీసుకోనివాడు) అంటున్నారు, దుర్బోధ అంటున్నారు. మీ నాన్నగారు కమిటీలో ఉన్నారు. మీ తమ్ముడేమో విడిపోయి వేరే కూడుకుందామనే గుంపులో ఉన్నాడు. ఉండాలా, పోవాలా అని అడుగుతున్నారు.

యోనా కోసం సంఘం వదలకండి. యేసు లేవలేదని ఎవరైనా పుల్పిట్ మీద నుంచి అంటే నేనైతే ఒక్క ఆదివారం కూడా ఆగను. ఈ రెంటికీ మధ్య ఉన్నవాటిలో చాలా భాగం, మన సంఘాల్లో, పైకి బోధ పేరుతో నడుస్తుంది కానీ లోపల వేరే సంగతి ఉంటుంది. మా సంఘంలో ఇదే గొడవ మొదలు నుంచి చివర దాకా చూశాను. అప్పట్లో కమిటీలో కూడా ఉన్నాను కాబట్టి ఉత్తరాలు, మినిట్స్ అన్నీ నా కళ్లముందే నడిచాయి.

మా దగ్గర దీన్ని నడిపించింది ముప్పై లోపు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. మంచి పిల్లలు. మా పెద్దల్లో సగం మంది కంటే బైబిలు ఎక్కువ చదివినవాళ్లు. కాకపోతే వాళ్ల గురువులంతా యూట్యూబ్‌లో అమెరికా పాస్టర్లు. అక్కడి లెక్కే ఇక్కడా వేశారు: ఇవాళ యోనా పోయాడు, రేపు పునరుత్థానం పోతుంది, ఎల్లుండి స్వలింగ వివాహం వస్తుంది. 2023లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సినడ్ (పాలక సభ) స్వలింగ జంటల కోసం ఆశీర్వాద ప్రార్థనలకు ఓటేసినప్పుడు మా వాట్సాప్ గ్రూప్ రెండు రోజులు నిద్రపోలేదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌తో బంధమున్న సంఘాల కూటమి, అంటే ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో సీఎస్ఐ ఉన్న మాట నిజమే. అయినా ఇంగ్లండ్ సినడ్ ఓటు మనల్ని కట్టిపడేయదని ఎంత చెప్పినా ఎక్కలేదు.

ఆ భయానికి పునాది లేదని అనను. 1922లో న్యూయార్క్‌లో హ్యారీ ఎమర్సన్ ఫాస్డిక్ అనే బాప్టిస్టు ప్రసంగీకుడు ప్రెస్బిటేరియన్ల పుల్పిట్ ఎక్కి, కన్యక గర్భం, బైబిల్లో ఏ పొరపాటూ లేదనడం లాంటివాటి మీద అందరూ ఒకేలా నమ్మనక్కర్లేదని, సంఘంలో అందరికీ చోటుండాలని అన్నాడు. మరుసటి ఏడాదే ప్రిన్స్‌టన్ సెమినరీలో (పాస్టర్లను తయారుచేసే కాలేజీ) పాఠాలు చెప్పే గ్రేషమ్ మేచెన్ పుస్తకం రాసి, లిబరలిజం క్రైస్తవ్యంలో ఒక రకం కాదు, వేరే మతమే అని తేల్చేశాడు. 1929లో ఆయన ప్రిన్స్‌టన్ వదిలేసి వెస్ట్‌మిన్‌స్టర్ సెమినరీ పెట్టాడు. 1936కల్లా డినామినేషనే (సంఘ శాఖే) వేరైపోయింది. లూథరన్లలో మిస్సోరీ సినడ్ అనే డినామినేషన్‌కు ఆ రోజు 1974లో వచ్చింది. ఆదాము హవ్వలు నిజంగా ఉన్నారా, బైబిలును ఏ పద్ధతిలో చదవాలి అనే తగవు ముదిరి, సెయింట్ లూయిస్‌లోని కాంకోర్డియా సెమినరీ అధ్యాపకుల్లో, విద్యార్థుల్లో ఎక్కువమంది బయటికి నడిచి వేరే సెమినరీ పెట్టుకున్నారు.

మా కుర్రాళ్లకు మేచెన్ తెలుసు. నంద్యాల సంగతి మాత్రం తెలియదు.

సీఎస్ఐ పుట్టుకే ఒక పెద్ద సిద్ధాంత తగవు. 1919లో తరంగంబాడిలో మొదలైన మాటలు 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో కొలిక్కి వచ్చాయి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే కలిసి ఉన్న ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్క సంఘమయ్యారు. దీనికోసం జీవితమంతా పాటుపడ్డ దోర్నకల్ బిషప్ అజరయ్య గారు ఆ రోజు చూడకుండానే 1945లో కన్నుమూశారు. ఇంగ్లండ్‌లో కవి టి.ఎస్. ఎలియట్ అంతటివాడు దీనికి వ్యతిరేకంగా కరపత్రం రాశాడు. బిషప్ చేతుల మీద ఆర్డినేషన్ (పాస్టరుగా అభిషేకం) పొందని పాస్టర్లను మళ్లీ ఆర్డినేషన్ చేయకుండానే ఎలా కలుపుకుంటారన్నది అలా వ్యతిరేకించినవాళ్ల అభ్యంతరం. మన నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది ఆ రోజు చేరకుండా బయటే ఉండిపోయారు, తర్వాతి కాలంలో వచ్చారు. 2013లో సీఎస్ఐకి మొదటి మహిళా బిషప్‌గా ఇ. పుష్పలలిత గారు వచ్చింది ఆ నంద్యాల డయోసిస్‌కే (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం). చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు మహిళా బిషప్ రావడానికి 2015 దాకా పట్టింది. మరి నంద్యాల వాళ్లను ఏ గుంపులో వేద్దాం?

మా సంఘంలోనూ లిబరల్, కన్సర్వేటివ్ అనే ఈ గీత ఎక్కడా తిన్నగా పడలేదు. ఒక ఆదివారం మా పాస్టరు గారు సెలవులో ఉంటే, ఒక మహిళా పాస్టరు వచ్చి సంస్కారపు ఆరాధన (ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచేది) నడిపించారు. సీఎస్ఐలో స్త్రీలకు ఆర్డినేషన్ 1976 నుంచే ఉంది. అయినా మా కుర్రాళ్లు బల్లకు రాలేదు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న కొరింథీ పత్రిక మాట చూపించి వెనక బెంచీలోనే కూర్చున్నారు. ఆరాధన అయ్యాక స్త్రీల మైత్రి (సంఘంలో ఆడవాళ్ల గుంపు) పెద్దావిడ ఒకామె వాళ్లను వరండాలో పట్టుకుంది. “ఒరే అబ్బాయ్, మా ఊరికి వాక్యం ఎవరు తెచ్చారనుకున్నావు, దొరా? గొడుగేసుకుని చేలగట్ల మీద నడిచొచ్చిన బైబిలు స్త్రీ. ఆవిడ మౌనంగా ఉంటే ఇవాళ నువ్వీ గుళ్లో ఉండేవాడివా?” అంది. ఈ పెద్దావిడ సృష్టి ఆరు రోజులంటే ఆరు రోజులే అని నమ్మే మనిషి, ఆదివారం కూరగాయలు కూడా కొనదు. ఆవిడ కంటే కన్సర్వేటివ్ మా సంఘంలో లేరు.

ఇక అసలు విషయానికొస్తాను. యోనా ప్రసంగం అయినప్పుడు గొణుగుడే తప్ప కమిటీకి ఉత్తరమేమీ రాలేదు. వచ్చింది క్రిస్మస్ ప్రసంగం తర్వాత. నజరేతు నుంచి మంచిదేదైనా రాగలదా అని నతనయేలు అడిగిన మాట తీసుకుని, పాస్టరు గారు, మన తాతలూ ఊరి బయట పేటల నుంచే వచ్చారు, మాల మాదిగ అని పిలిపించుకునే వచ్చారు, ప్రభువు పుట్టింది ఆ పక్కనే అన్నారు. ఆయన బెంగళూరులోనే బి.డి. (పాస్టర్ల దైవశాస్త్ర డిగ్రీ) చదివారు. దళిత థియాలజీకి, అంటే దళితుల వైపు నుంచి చెప్పే దైవశాస్త్రానికి, దారి వేసిందని చెప్పే అర్వింద్ నిర్మల్ ప్రసంగం 1981లో ఈ ఊళ్లోని యునైటెడ్ థియోలాజికల్ కాలేజీలోనే జరిగింది. ఆ చదువు చదివినవాళ్లకు ఇది క్లాసులో రోజూ వినే మాట. మా బెంచీల్లో మాత్రం పిడుగు పడింది.

ఎందుకంటే బెంగళూరులో అద్దె ఇల్లు వెతికేటప్పుడు ఓనరు “మీరేంట్లు?” అని తిప్పి తిప్పి అడుగుతాడు. “క్రిస్టియన్స్ అండీ” అని అక్కడితో ఆపేస్తాం. పిల్లలకు ఊరి పేరు తప్ప పేట పేరు చెప్పం. ఇంకో పక్క సర్టిఫికెట్ల బాధ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రలో అయితే మతం మారినవాళ్లు బీసీ-సీలోకి వస్తారు. అందుకే రికార్డులో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు ఉన్న కుటుంబాలు ప్రతి తెలుగు సంఘంలోనూ ఉన్నాయి. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఆ మాట మైకులో వినపడితే గుండె జారదా? ఒంగోలు దగ్గర 1878లో ఒక్క రోజున 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మిషన్ పండగల్లో గర్వంగా చెప్పుకుంటాం. వాళ్లలో ఎక్కువమంది ఎవరో మాత్రం చెప్పుకోం.

ఉత్తరంలో కులం మాట ఒక్కటీ లేదు. పేజీల నిండా యోనా, సోషల్ గాస్పెల్ (సమాజ మార్పే సువార్త అనే బోధ), వాక్య విరుద్ధం, అంతే. సంతకాలు చూస్తే సగం కుర్రాళ్లవి. మిగతా సగం, అంతకు ముందు యోనా గురించి అడిగితే “మనకెందుకండీ” అన్న పెద్దలవి. ఒకరు నిజంగా బైబిలు అధికారం గురించి బాధపడుతున్నారు, ఇంకొకరు ఇంటి ఓనరుకు తెలుస్తుందేమోనని భయపడుతున్నారు. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారు. మీ సంఘంలోనూ ఇలాంటి కాగితం ఉంటే, పెట్టినవాళ్లను గుంపుగా కాకుండా ఒక్కొక్కరినీ ఇంటికి వెళ్లి కలవమని మీ నాన్నగారికి చెప్పండి. గుంపులో అందరూ యోనా గురించే మాట్లాడతారు.

కుర్రాళ్ల వాదనలో బలం ఉందని మాత్రం ఒప్పుకోవాలి. మత్తయి 12లో యేసే యోనా మూడు రాత్రింబగళ్లను తన మరణ పునరుత్థానాలకు సూచనగా చెప్పాడు. ఆ వచనం ముట్టుకోకుండా యోనాను కథ అని ఒక్క వాక్యంలో దాటేయడం ఏ పాస్టరుకూ తగదు. సెమినరీలో ఏళ్ల తరబడి నేర్చుకున్నదాన్ని ప్రసంగం మధ్యలో పక్కమాటగా విసిరేస్తే, వినేవాళ్లకు వెక్కిరించినట్టే ఉంటుంది. మా కమిటీ చివరికి ఆయన్ను పిలిచి సూటిగా అడిగింది: క్రీస్తు శరీరంతో లేచాడని నమ్ముతారా? ఆయన కొరింథీ మొదటి పత్రిక 15వ అధ్యాయం చూడకుండా చెప్పి, “ప్రతి ఆదివారం మీతో కలిసి విశ్వాస ప్రమాణం చెబుతున్నాను, పెదాలతో చెబుతున్నాననుకున్నారా?” అన్నారు. నాకు అది చాలింది. కొందరికి చాలలేదు.

సంఘ నియమాల ప్రకారం చూసినా ఇక్కడ ‘దుర్బోధ’ అని తేల్చడం కష్టం. పాత, కొత్త నిబంధనలు రక్షణకు కావలసినవన్నీ కలిగి ఉన్నాయని, విశ్వాసానికి అవే తుది ప్రమాణమని, అపొస్తలుల, నైసీయ విశ్వాస ప్రమాణాలను అంగీకరిస్తామని సీఎస్ఐ ఐక్యతా ఆధారం అనే పత్రంలో ఉంది. ఆ ప్రమాణాల్లోని ప్రతి పదానికీ ప్రతి ఒక్కరూ కట్టుబడాలని కోరడం లేదని, సహేతుకమైన వ్యాఖ్యాన స్వేచ్ఛను కాదనడం లేదని కూడా అక్కడే ఉంది. ఇది కన్సర్వేటివులకు నచ్చని వాక్యం. కానీ అది లేకపోతే 1947లో ఆ నాలుగు రకాలవాళ్లు ఒక కప్పు కింద కూర్చునేవాళ్లే కాదు.

మా దగ్గర చివరికి కొన్ని కుటుంబాలు వెళ్లిపోయాయి. మారతహళ్లి వైపు ఒక హాలు అద్దెకు తీసుకుని కూడుకుంటున్నారు. అమెరికాలో యునైటెడ్ మెథడిస్టులు విడిపోయినప్పుడు 2019 నుంచి 2023 దాకా ప్రత్యేక నియమం పెట్టి, డబ్బు కట్టినవాళ్లు భవనంతో సహా వెళ్లే వీలిచ్చారు. దాదాపు పాతిక శాతం స్థానిక సంఘాలు అలా వెళ్లాయి. మీ తమ్ముడి గుంపు దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటే పొరపాటు. సీఎస్ఐ ఆస్తులు సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటాయి. మందిరం కట్టడానికి మీ తాతగారు ఇచ్చిన చందా రసీదు బీరువాలో ఉన్నా, వెళ్లేవాళ్లు వెళ్లాల్సింది బైబిలు, పాటల పుస్తకంతోనే. సమాధుల తోటలో చోటు సంగతి కూడా ముందే అడగండి. మా దగ్గర వెళ్లినవాళ్లలో ఇద్దరు ముగ్గురు పెద్దలు ఇక్కడి సభ్యత్వ చందా కట్టడం మానలేదు, దానికోసమే. ఉదయం ఇక్కడ, సాయంత్రం అక్కడ.

ఇంకోటి, దీన్ని ఎవరూ ముందు ఆలోచించరు. 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ ప్రకారం బిషప్ చేతుల మీద ఆర్డినేషన్ పొందిన సీఎస్ఐ పాస్టరు ఆ హోదాతోనే పెళ్లి చేయవచ్చు. స్వతంత్ర సంఘం పాస్టరుకైతే ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. మీ తమ్ముడికి పెళ్లి సంబంధాలు చూస్తున్నట్టయితే, హాలుకు అడ్వాన్స్ ఇచ్చే ముందు కొత్తగా పిలవబోయే పాస్టరు గారి దగ్గర ఆ కాగితం ఉందో లేదో చూసుకోమనండి.