రివాల్వర్‌తో జింకల వేట: కొత్తవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది హన్మకొండ. హెచ్‌-1బి వీసాపై డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. తోటి ఉద్యోగులు రివాల్వర్‌తో జింకల వేటకు వెళ్తూ నన్నూ రమ్మంటున్నారు. తుపాకీ ఎన్నడూ పట్టని నేను ఎక్కడ మొదలుపెట్టాలి? ఇక్కడ నేర్చుకున్నది సెలవుల్లో వచ్చినప్పుడు పాకాల అడవిలో పనికొస్తుందా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను: పనికిరాదు, ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పినైనా కణితినైనా వేటాడడం నేరం. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లోనే కాదు, చేనులో పడ్డ దుప్పిని చంపినా నేరమే. మన వైపు కరెంటు తీగలు పెట్టి వేటాడేవారి వల్ల మనుషులు కూడా చనిపోతున్నారు కనుక ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తున్నది.

టెక్సాస్‌లో తెల్లతోక జింకల వేట సీజన్‌లో చట్టబద్ధమే. అయితే మీలా తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది; అమెరికాలో జారీ అయి చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవారికి అందులో మినహాయింపు ఉంది. కాబట్టి స్నేహితుని తుపాకీ చేతిలోకి తీసుకోకముందే లైసెన్సు మీ దగ్గర ఉండాలి, వీసా న్యాయవాదిని ఒకసారి అడగాలి. 1971 సెప్టెంబరు 2న, ఆ తరువాత పుట్టినవారికి అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి.

సాధన చిన్న తూటా కాల్చే .22 రివాల్వర్‌తో మొదలుపెట్టండి. ఆ రిమ్‌ఫైర్ (అడుగు అంచు మీద దెబ్బ పడితే పేలే) తూటాలతో టెక్సాస్‌లో జింకను కొట్టకూడదు గానీ, కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే అదురుకు బెదరకుండా ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం వాటితోనే అలవడుతుంది. ఆ తరువాత జింకల వేటకు సరిపోయే బలమైన .44 మాగ్నమ్ రివాల్వర్ తీసుకుంటే, అందులోనే అదురు తక్కువగా ఉండే .44 స్పెషల్ తూటాలు కాలుస్తూ క్రమంగా అసలు మాగ్నమ్ తూటాలకు రావచ్చు. రెండో చేతి వేళ్లను సిలిండర్ (తూటాలుండే తిరిగే భాగం) ముందుకు మాత్రం పోనివ్వకండి. సిలిండర్‌కూ గొట్టానికీ నడుమనున్న సన్నని సందులోంచి చిమ్మే వేడి వాయువు వేలిని చీల్చగలదు. చెవులకు, కళ్లకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది దూరం. జింక గుండె, ఊపిరితిత్తులుండే చోటు సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. అంతే వెడల్పున్న కాగితపు పళ్లెం పెట్టి, బల్ల మీద ఆనించి కాకుండా, వేటలో కూర్చునే తీరులోనే కూర్చుని కాల్చండి. ప్రతి తూటా పళ్లెంలో పడే దూరమే మీ హద్దు. అది 25 గజాలే అయితే 40 గజాల్లో నిలుచున్న జింకను వదిలేయాలి. గాయపడిన జంతువు అడవిలో పడి గంటల తరబడి బాధపడడం కంటే మీరు ఉత్త చేతులతో తిరిగి రావడమే మేలు. ఆ దూరంలో ఉన్నా, అది పక్కకు తిరిగి నిలబడితేనే, వెనుక మట్టిగట్టు వంటి అడ్డు ఉంటేనే, ముందుకాలి వెనుక గురిపెట్టి కాల్చాలి.