చేప కోసినందుకు కిలోకు 30 రూపాయలా?

ఇక్కడ ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "హైదరాబాద్ చేపల మార్కెట్లలో చేప ధర చెల్లించాక, కోసినందుకు మళ్లీ కిలోకు 30 రూపాయలు అడుగుతున్నారు. ఇది దోపిడీ కాదా?"

కాదు. మా అమ్మ ఇరవై రెండేళ్లు ఈ నగరంలోని ఒక చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చుంది. ఆ కూలి డబ్బుతోనే నేను డిగ్రీ చదివాను. అందుకే ప్రశ్న చదవగానే కోపం వచ్చింది, దాచుకోను.

ఆ డబ్బు మొత్తం కోసే ఆమె కొంగున పడుతుందని అనుకోకండి. కూర్చున్న చోటుకు దుకాణదారు వాటా తీసుకుంటాడు. నీళ్లు మోసేవాడికి ఇవ్వాలి, కత్తికి సాన పట్టించుకోవాలి. దుకాణదారు ఆమెకు జీతమంటూ ఒక్క రూపాయి ఇవ్వడు. చేప మీద లాభం ఆయనది, కోత కూలి మాత్రం మీ జేబులోంచి రావాలి. ఆయన గల్లాపెట్టె దగ్గర ఎత్తున కూర్చుంటాడు, ఆమె నేల మీద కూర్చుంటుంది. బేరం ఎప్పుడూ నేల మీద ఉన్న మనిషితోనే.

పైగా అందరూ అన్ని చేపల కోతకూ ఒకటే ధర కావాలంటారు. మూడు కిలోల బొచ్చె ఒక్కటైతే పొలుసు గీకి, మొప్పలు లాగి, ముక్కలు కొట్టడానికి పది నిమిషాలు చాలు. కొర్రమీనుకు జిగురు వదిలేదాకా బూడిద వేసి రుద్దాలి. పొట్ట చీల్చేటప్పుడు లోపలి చేదు తిత్తి చిట్లకూడదు; చిట్లిందంటే ఆకుపచ్చ నీరు ముక్కలకు అంటి కూరంతా చేదవుతుంది, కొన్నవారు తిట్టి డబ్బివ్వకుండా వెళ్లిపోతారు. ఇక జెల్లలు. వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర చెరొకటి, రంపపు పళ్లలాంటి ముళ్లు. కిలోకు ఎన్ని తూగితే అన్నింటికీ మూడేసి ముళ్లు విరవాలి.

2011లో మృగశిర కార్తె ప్రవేశించిన రోజు నాకింకా కళ్లముందే ఉంది. ఆ రోజు చేప తినని ఇల్లు మన నగరంలో తక్కువ. రాంనగర్, బేగంబజార్ మార్కెట్లలో జనం కిక్కిరిసిన ఫొటోలు ఏటా పత్రికల్లో వస్తాయి. నాకు బడి సెలవులు. కవర్లు పట్టుకోవడానికి, నీళ్లు పోయడానికి అమ్మతో వెళ్లాను. తెల్లవారుజామున మూడింటికి కూర్చున్న మనిషి తొమ్మిదైనా టీ కూడా తాగలేదు. చుట్టూ నిలబడ్డవారు "అమ్మా, ముందు మాది", "తొందరగా కానివ్వు" అంటూ సంచులు ఆమె భుజం మీదికే చాస్తున్నారు. ఆ తొందరలో జెల్ల ముల్లు బొటనవేలి మొదట్లో దిగింది. అమ్మ ముఖం పాలిపోయింది. నేను ఏడుస్తుంటే, "ఊరుకో బిడ్డా, ముందు వీళ్లది అయిపోనీ" అని, ప్లాస్టిక్ కవరు చింపి వేలికి చుట్టుకుని మళ్లీ కత్తిపీట ముందుకు జరిగింది. సాయంత్రం నాలుగు దాకా కోసింది. అలాంటి రోజు ఏడాదికొకటే వస్తుంది, వదులుకుంటే పిల్లల పుస్తకాలు ఎక్కడినుంచి వస్తాయి?

మర్నాటికి చెయ్యి మణికట్టు దాకా వాచింది. ఆస్పత్రిలో చీము మొత్తం తీశారు. కేసు కాగితం మీద వృత్తి అన్న చోట "గృహిణి" అని రాశారు. ఆమె గోళ్ల సందుల్లో ఇంకా పొలుసులున్నాయి, వేళ్ల మధ్య చర్మం నీళ్లలో నాని తెల్లగా ఊడివస్తోంది, గదంతా నీచు వాసన. అయినా గృహిణి. మూడు వారాల తర్వాత పనికి వెళ్తే ఆ చోట్లో వేరొకరు కూర్చుని ఉన్నారు. దుకాణదారు 500 రూపాయలు చేతిలో పెట్టి, "నేనేమన్నా నిన్ను జీతానికి పెట్టుకున్నానా అమ్మా?" అన్నాడు. ఆ బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు.

ఆ మాటలోనే మొత్తం సంగతి ఉంది. మన కార్మిక చట్టాలు చాలావరకు ముందుగా "యజమాని ఎవరు?" అని అడుగుతాయి. పనిలో గాయపడితే పరిహారం ఇప్పించే చట్టం 1923లోనే వచ్చింది, కానీ పరిహారం అడగడానికి ఒక యజమాని కావాలి. ఈఎస్ఐ వైద్య బీమా కావాలంటే సాధారణంగా సంస్థలో కనీసం పదిమంది పనివారుండాలి. సముద్రంలో వేటకు వెళ్లేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో 188వ ఒప్పందం చేసింది. మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే పడవల్లో రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలంటుంది. దాన్ని మన దేశం నేటికీ ఆమోదించలేదు. ఆమోదించినా అది పడవ మీదివారికే. కత్తిపీట దాకా రాదు.

తెలంగాణలో 2016 నుంచి చెరువుల్లో చేపపిల్లలు ఉచితంగా వదులుతున్నారు. అమ్ముకునేవారికి సబ్సిడీ మీద మోపెడ్లు ఇచ్చారు. కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించారు. సంతోషమే. కానీ పెంచేవారు, పట్టేవారు, అమ్మేవారు లెక్కలో ఉన్నప్పుడు కోసేవారు ఎందుకు లేరు? కేంద్రం తెచ్చిన మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది: మరణిస్తే 5 లక్షలు, పాక్షికంగా శాశ్వత వైకల్యం వస్తే రెండున్నర లక్షలు, ఆస్పత్రి ఖర్చుకు 25,000. చేపల అనుబంధ పనులు చేసేవారికీ వర్తిస్తుందనే అందులో ఉంది. నేను అమ్మను తీసుకుని ఒక కార్యాలయానికి వెళ్తే మత్స్యకార సొసైటీ కార్డు అడిగారు. చెరువు మొహమే చూడకుండా నగరంలో కత్తిపట్టిన మనిషికి సొసైటీ ఎక్కడిది?

ఇంకొక్క మాట. ఫోనులో చేప తెప్పించుకునేవారు కోత కూలి కలిపిన ధరే కడతారు. శుభ్రం చేశాక బరువు ఎంత తగ్గుతుందో అక్కడే రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ దోపిడీ అనరు, ఎందుకంటే అక్కడ బేరమాడటానికి ఎదురుగా మనిషి లేదు. మార్కెట్లో మీ చేప కోసే ఆ పావుగంట ఆమెకు యజమాని మీరే. మీరిచ్చేదే జీతం, అదే బీమా, అదే సెలవు రోజు తిండి.

30 ఇవ్వండి. జెల్లలు కొన్న రోజు మాత్రం ఇంకో పది కలపండి, తొందరపెట్టకండి. ఆ ముళ్లు విరవడానికి సమయం పడుతుంది.